పాత బండికి పాత అట్టలే ఎందుకు?

ఈ సంచికలో మిత్రులు నిరుద్యోగం గురించి రాస్తారు, పరీక్షా విధానం గురించి రాస్తారు, కవిత్వం ఎటు పోతున్నదో రాస్తారు. పూర్వ విద్యార్థినన్న గౌరవంతో నన్నూ ఓ వ్యాసం రాయమని సంఘం వారు అడిగితే, కారు తలుపు లోపలి అట్ట గురించి రాస్తానన్నాను. అడగవచ్చిన కుర్రవాడు నవ్వాపుకోలేకపోయాడు. మీరూ నవ్వుకోండి, ఫరవాలేదు. కాని చివరిదాకా చదవండి.

మాది జనగామ. మా బాపు 1981లో ఒక సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొన్నాడు. 1974 నాటి మార్క్ టూ. బస్టాండు దగ్గరి అడ్డాలో పెట్టుకుని పద్దెనిమిదేళ్లు కిరాయికి నడిపాడు. కొమురవెల్లి మల్లన్న దగ్గరికి మొక్కులవాళ్లు, యాదగిరిగుట్టకు పెండ్లివాళ్లు, అర్ధరాత్రి వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రికి నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, అందరూ ఆ బండే ఎక్కారు. గేరు స్టీరింగు పక్కన ఉండేది, ముందుది బల్లలాంటి ఒకటే సీటు, కనుక తొమ్మిదిమందిని కుక్కినా కాదనేది కాదు. ఒక కాన్పు బండిలోనే అయిందని మా అమ్మ చెప్పేది. ఆ మాట ఎత్తితే బాపు సిగ్గుపడి బయటికి వెళ్లిపోయేవాడు.

డ్రైవరు వైపు డోర్ ప్యాడు మీద ఆయన మోచేయి ఆనే చోట రెక్సిన్ నలుపెక్కి నున్నబడింది. దాని కింద ఒకచోట చిరిగితే, స్టేషన్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన చేత కుట్టించాడు. ఆ కుట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

బాపు పోయాక బండి చాలాకాలం కొట్టంలోనే ఉంది. మొన్న మొన్న మా అన్నకు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని బుద్ధి పుట్టింది. పెండ్లిళ్లకు పాత కార్ల మోజు పెరిగింది కదా! ఇంజను బాగయింది, బ్రేకులు కొత్తవి వేశారు, వైరింగు అంతా మార్చారు. వీటిలో నాకు ఏ సెంటిమెంటూ లేదు. యాభై ఏళ్లనాటి వైరు పవిత్రమని దాన్నే ఉంచుకునేవాడు ఏదో ఒక రోజు బండినే తగలబెట్టుకుంటాడు. గొడవంతా లోపలి అట్టల దగ్గర వచ్చింది.

రంగు వేయడానికి ఒక వర్క్‌షాపులో ఇచ్చాం. పేరెందుకులెండి. వాళ్లు నాలుగు తలుపుల ప్యాడ్లూ ఊడబెరికి, వెనక రెండింటిని చెత్తలో వేశారు. ముందు రెండూ నేను సమయానికి వెళ్లబట్టి దక్కాయి. పాతవాటి స్థానంలో మెరిసే రెక్సిన్‌తో కొత్తవి చేసి బిగించారు. దూరం నుంచి చూస్తే బాగానే ఉన్నాయి. దగ్గరికి పోతే ఒక్క రంధ్రమూ తలుపు రంధ్రానికి సరిపోలేదు. సరిపోని చోటల్లా రెక్సిన్ పైనుంచే స్క్రూలు దిగ్గొట్టారు. అద్దం హ్యాండిలు తిప్పితే అట్టకు గీసుకుంటుంది. గతుకు వస్తే తలుపు డప్పులా మోగుతుంది.

ఇది కేవలం పనితనం లోపమని మీరనవచ్చు. కొంతవరకు నిజమే. కాని తలుపు అట్ట అనేది ఎంత సూక్ష్మమైన వస్తువో తెలియకపోవడం వల్ల వచ్చిన లోపం అది. హార్డ్‌బోర్డు మీద రెక్సిన్ అతికి, అంచు వెనక్కి మడిచి, వెనకవైపు స్ప్రింగు క్లిప్పులు పెడతారు. ఆ క్లిప్పులు తలుపు రేకులోని రంధ్రాల్లోకి టక్కుమని దిగాలి. పైనుంచి ఒక్క స్క్రూ కనబడకూడదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో కొలిచి చేసిన అట్టకు ఆ రంధ్రాల లెక్క ఒంట్లోనే ఉంటుంది. దాన్ని పారేశామంటే కొలబద్దనే పారేసినట్టు. కొత్తది చేయక తప్పని వాడు కూడా పాతదాన్ని పైన పెట్టి గీసుకుంటేనే కొత్తది కుదురుతుంది.

మిగిలిన రెండింటినీ నేనూ, మా ఊరి కుషన్ పని చేసే ఒక మేస్త్రీ కలిసి బాగుచేశాం. ఆ పని చెప్పకుండా ఉండలేను. అట్టకు అసలు శత్రువు నీళ్లు. అద్దం పక్కనుంచి వాన నీరు తలుపులోకి దిగడం సహజం. దిగిన నీరు పోవడానికి తలుపు అడుగున సన్నని తూములుంటాయి. మా బండి తూములు మట్టితో పూడిపోయాయి, అందుకే అట్టల అడుగంచు అప్పడంలా ఉబ్బింది. ముందు తీగతో తూములు తీశాం. ఉబ్బిన అంచులోకి పల్చగా వుడ్ గమ్ము పట్టించి, రెండు చెక్కల మధ్య పెట్టి, పైన సన్నికల్లు ఎత్తి రెండు రోజులుంచాం. క్లిప్పు ఊడి చినిగిన రంధ్రాల వెనక పల్చటి ప్లైవుడ్ ముక్క అతికి, కొత్తగా తొలిచాం. రెక్సిన్‌ను సబ్బునీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డతో తుడిచామే తప్ప తడపలేదు. తలుపు లోపల తాళానికీ, అద్దం ఎక్కే గాడికీ గ్రీజు పెట్టి, రేకుకు పాలిథిన్ షీటు అంటించి, అప్పుడు అట్ట ఎక్కించాం. పిడికిలితో గుద్దకూడదు. ఒక్కో క్లిప్పు ఎక్కడుందో వేలితో తడిమి అక్కడే నొక్కాలి. చివరికి హ్యాండిళ్లు. మా బండికి హ్యాండిలు వెనక గుండ్రటి బిళ్లను లోపలికి అదిమితే సన్నని పిన్ను దారి కనబడుతుంది. పిన్ను దిగిందా, పని అయినట్టే.

ఖర్చు మూడంకెలు దాటలేదు. మేస్త్రీ మాత్రం, "ఇట్ల పాతదాన్ని పాతగనే పెట్టుమన్నోన్ని నిన్నే చూస్తున్న సారూ" అన్నాడు.

మా అన్నకు నచ్చలేదు. "నీకేంది తమ్మీ, నెల తిరిగితే జీతమొస్తది. పెండ్లికి కిరాయి కట్టేటోడు ఆ నల్ల మచ్చ, ఆ కుట్లు చూసి ఎక్కుతడా?" అని నిలదీశాడు. అతని మాటలో న్యాయం లేదనను. కిరాయి బండి ముచ్చటగా ఉండాలి. కాని అన్నా, ఆ నల్ల మచ్చ మురికి కాదే! ఇంట్లో ఇత్తడి బిందె మీద నాయనమ్మ పేరు చెక్కి ఉంటుంది. సొట్ట పడిందని దాన్ని కరిగించి కొత్త బిందె పోయిస్తామా? మన పక్కనే పెంబర్తి ఉంది, సొట్ట తీసే చేతులు అక్కడున్నాయి.

ఈ వాదన నా ఒక్కడిదే కాదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో టొరినో నగరంలో ఒక ప్రకటనను ఆమోదించింది. కట్టడాల కోసం 1964లో వెనిస్‌లో రాసుకున్న సూత్రాలే దానికి మూలం. ఉన్నదాన్ని కాపాడటం ముందు, కొత్తగా చేయడం తరవాత అని దాని సారాంశం. మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజి నిబంధనలు కూడా యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండినే లెక్కలోకి తీసుకుంటాయి. అయితే అవి చాసిస్, బాడీ, ఇంజను గురించే మాట్లాడతాయి, లోపలి అట్టల ఊసెత్తవు. అలా నమోదైన బండిని కిరాయికి తిప్పకూడదని కూడా ఉంది. అది వినగానే మా అన్న వింటేజి ఆలోచనే మానుకున్నాడు, అది వేరే సంగతి!

హైదరాబాదు నిజాముల 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గురించి వినే ఉంటారు. లోకమంతా దాన్ని సింహాసనం కారు అన్నది లోపల ఎత్తుగా అమర్చిన ఆసనాన్ని బట్టే. ఆ ఆసనం తీసి కొత్త సీటు వేస్తే, పసుపు రంగు రేకు ఎంత మెరిసినా అది ఆ కారవుతుందా? రాజుగారి కారుకు ఒప్పుకునే నీతిని అడ్డా కారుకు ఎందుకు ఒప్పుకోం? రాజులవి దాచుకోవడానికి మ్యూజియంలున్నాయి. డ్రైవరు మోచేయి గుర్తు దాచేది ఆ ఇంటివాళ్లే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఊళ్లలో మిగిలినవి ఏటా తుక్కు కొట్లకు చేరుతున్నాయి. ముందుగా పోయేవి ఈ అట్టలే, ఎందుకంటే వాటికి తూకంలో ధర రాదు.

ప్రస్తుతానికి మా అన్నకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. ముందు తలుపులకు పాత ప్యాడ్లే ఉంటాయి. వెనక తలుపులకు స్క్రూలు కొట్టిన ఆ కొత్తవి తీసేశాం, రేకులు బోడిగా ఉన్నాయి. అసలువి దొరక్కపోతే దసరాకు తనకిష్టమైన రెక్సిన్ వేయించుకుంటానన్నాడు, నేను సరేనన్నాను. హైదరాబాదు పోయిన ప్రతిసారీ గురువారమయ్యేట్టు చూసుకుని జుమ్మేరాత్ బజారులో వెతుకుతున్నాను. మీలో ఎవరింటి కొట్టంలోనైనా మార్క్ టూ అంబాసిడర్ ఉంటే, తుక్కువాడికి తూచే ముందు వెనక తలుపులు ఒకసారి తెరిచి చూడండి. అట్టలు ఉబ్బినవైనా, చిరిగినవైనా సరే, సంఘం ఆఫీసులో ఒక్క మాట చెప్పి ఉంచండి. నేనే వచ్చి తీసుకుపోతాను.