అంకెలు మిగిలాయి, మాటలు పోయాయి

పిల్లలూ! కంప్యూటరులో తెలుగు టైపు చేయించే అవసరం మీకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. సైన్సు ఫెయిరు నివేదిక కావచ్చు, బడి వార్షికోత్సవ సంచిక కావచ్చు. షాపుకు వెళ్లి మనం అడిగే మొదటి ప్రశ్న "పేజీకి ఎంత?" అని. నేనూ అదే అడిగాను. అడగవలసిన రెండో ప్రశ్న ఒకటి ఉంది, అది అప్పుడు నాకు తెలియదు. ఏమైందో చెబుతాను వినండి.

2009లో మైలార్‌దేవ్‌పల్లిలో మా బడి తొమ్మిదో తరగతి పిల్లలు ఒక మంచి పని చేశారు. కాటేదాన్ వైపు, పల్లె చెరువు వైపు బస్తీల్లో తిరిగి పెద్దవాళ్లను ప్రశ్నలు వేశారు. పెద్ద వానలు పడ్డ ఏడు నీళ్లు ఏ దారిన వచ్చాయి? ఏ వాకిట్లో ఎంత ఎత్తున నిలిచాయి? చెరువు అలుగు ఎటు పారేది? 2000 ఆగస్టులో హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వాన సంగతి చెప్పనివారు లేరు. అంతా కలిపి 14 పేజీలయింది. టైపు చేయించి, పది కాపీలు తీయించి, ఫైలును సీడీలో రాయించి బీరువాలో దాచాను.

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు పల్లె చెరువు కట్ట తెగింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కూడా తెగి నీళ్లు శంషాబాదు రోడ్డు మీద పడ్డాయి. మనుషుల ప్రాణాలు పోయాయి. నీళ్లు తీశాక నాకు ఆ పుస్తకం గుర్తొచ్చింది. కాపీలలో ఒక్కటీ దొరకలేదు. సీడీ మాత్రం బీరువాలోనే ఉంది.

అది పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలు. ఆ సాఫ్ట్‌వేరు చివరి వెర్షన్ 2001లో వచ్చింది. ఇప్పటి కంప్యూటర్లలో అది ఎక్కడుంటుంది? పాత మిషను ఒకటి వెదికి పట్టుకుని తెరిచాం. తెరమీద తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కూడిక గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. మధ్యమధ్య 2000, 4, 3 అనే అంకెలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. నాలుగు అడుగులా, నాలుగు ఇళ్లా? ఎవరి వాకిట్లో? చెప్పిన పెద్దలలో కొందరు అప్పటికే లేరు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఇంగ్లీషు 'ఏ' పెద్దక్షరానికి 65 అని ఒప్పందం. అయితే ఆ రోజుల్లో మామూలు కంప్యూటరు ఫాంటులో ఉండేవి 256 గళ్లే. తెలుగు గుణింతాలకు, ఒత్తులకు అవి చాలవు. అందుకని ఫాంటు చేసేవారు ఉపాయం పన్నారు. అక్షరాన్ని ముక్కలు చేసి తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో పెట్టారు. ఏ ముక్క ఏ గడిలో అన్నది ఎవరి ఇష్టం వారిది. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేనిచోట అదే గడిలోని ఇంగ్లీషు గుర్తు బయటపడుతుంది. అంకెల గళ్లను సాధారణంగా ఎవరూ కదపలేదు కనుక అవి బతికాయి.

యూనికోడ్ అనే ప్రపంచ ఒప్పందంలో సంగతి వేరు. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు మనవి. 'నీరు' అని రాస్తే కంప్యూటరు 3112, 3136, 3120, 3137 అని దాచుకుంటుంది. అంటే న, దాని గుడిదీర్ఘం, ర, దాని కొమ్ము. ఫాంటు మారితే అక్షరం అందం మారుతుందేగాని అక్షరం మారదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి మామూలు కంప్యూటర్లూ దీన్ని చూపగలిగాయి. కనుక 2009లో నేను అడిగి ఉండవలసిన రెండో ప్రశ్న ఇది: "బాబూ, ఇది యూనికోడేనా?"

మీరు అడగడమే కాదు, పరీక్షించవచ్చు కూడా. టైపు చేసిన వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగుగానే ఉంటే నిజమైన తెలుగు. గజిబిజి గుర్తులు వస్తే అది తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు!

ఫాంటు చిక్కు తీరితే ఫైలు చిక్కు ఉంటుంది. 2007కు ముందు వర్డ్‌లో వాడిన డాక్ ఫైలు మూసిన పెట్టెలాంటిది. ఆ తరువాతి డాక్స్ గాని, లిబ్రేఆఫీస్ వాడే ఓడీటీ గాని లోపలి అమరిక అందరికీ తెలిసిన ఫైళ్లు. ఓడీటీ కుటుంబం 2006లోను, డాక్స్ కుటుంబం 2008లోను అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి. ఓడీటీ ఫైలుకు ఒక నకలు తీసి, దాని పేరు చివర 'జిప్' అని మార్చి తెరవండి. లోపల చిన్న చిన్న ఫైళ్లుంటాయి. 'కంటెంట్' అన్న పేరు గలదాన్ని నోట్‌ప్యాడ్‌లో చూస్తే గుర్తుల నడుమ మీ వాక్యాలు కనిపిస్తాయి. సాఫ్ట్‌వేరు లేకపోయినా రాత దక్కుతుందన్నమాట. భారత ప్రభుత్వం ఈ-పాలనకు ఓపెన్ స్టాండర్డ్స్ విధానాన్ని 2010 నవంబరులో ప్రకటించింది. ఆఫీసులకు పనికొచ్చేది బడులకు పనికిరాదా?

"ఏ సాఫ్ట్‌వేరు మంచిది సార్?" అని పిల్లలు అడుగుతుంటారు. ముందు ఏ రూపంలో దాచాలో తేల్చుకోండి, సాఫ్ట్‌వేరు సంగతి తరువాత అని నా అభిప్రాయం. డబ్బు పెట్టనక్కరలేదు కనుక బడికి నేను లిబ్రేఆఫీస్ అంటాను. అయితే వర్డ్‌లో చేసిన పట్టిక అందులో తెరిస్తే గీతలు కాస్త జరుగుతాయి. ఆ ఫాంటు అవతల లేకపోతే పేజీలూ మారతాయి. ఇదీ చికాకే, కాదనను. కాని గీత సరిచేసుకోవచ్చు. పోయిన మాటను ఏం చేస్తాం? పీడీఎఫ్ ఉందిగా అంటారు కొందరు. అది చూపు కోసం. దిద్దడానికి దాన్ని నమ్ముకోవద్దు.

మాకు టైపు చేసే ఆయన వాదన వేరు. "పాత ఫాంటులో నా చెయ్యి పరుగెడుతుంది సార్, పెళ్లి కార్డుకు అందమూ వస్తుంది" అంటాడు. చేతి అలవాటును తక్కువ చేయను, అది ఆయన బతుకుతెరువు. కాని మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. పెళ్లి కార్డు పెళ్లినాటికి చాలు. మా 14 పేజీలు పదకొండేళ్ల తరువాత కావలసి వచ్చాయి.

చివరకు ఒక పాత విద్యార్థి ఆ ఫాంటు పేరు కనిపెట్టి, మార్పిడి ప్రోగ్రాముతో ఫైలును యూనికోడ్‌లోకి తెచ్చాడు. ఒత్తులు కొన్ని తప్పిపోయాయి, వాటిని తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కటే దిద్దారు. 11 పేజీలు పూర్తిగా దక్కాయి. మిగిలిన మూడింటిలో ఒకచోట, 4 అనే అంకెకు ముందు ఏ గల్లీ పేరు ఉందో ఇంకా తేలలేదు. దాని కోసం ఈ వేసవిలో మళ్లీ ఇల్లిల్లూ తిరగాలి.