రోహిణి నక్షత్రం, మేనమామ గండం

డిసెంబరు, జనవరి నెలల్లో చీకటి పడ్డాక బొగ్గు గనుల ఊరు శ్రీరాంపూర్ ఆకాశంలో తూర్పున లేచే మృగవ్యాధుని నడుముకట్టులోని మూడు చుక్కల వరుసను పైకి పొడిగిస్తే మొదట నారింజ వన్నె రోహిణి, ఆపైన పిల్లలకోడి అని జనం పిలిచే కృత్తికల గుంపు కనిపిస్తాయి. ఈ రోహిణిలో పుట్టిన బిడ్డ మేనమామకు గండమన్న నమ్మకం, కంసుని కథను ఊతంగా చేసుకుని, తెలుగు ఇళ్లలో ఇంకా బతికే ఉంది. గిన్నెలో పోసిన నూనెలో బిడ్డ నీడను చూశాకే మేనమామ నేరుగా ముఖం చూడాలని, శాంతి జరిపించాలని పెద్దలు పట్టుబడతారు.

ఆ చుక్కను ఫొటో తీసి చూడవచ్చు. ఓపెన్‌కాస్ట్ గని ఫ్లడ్‌లైట్ల వెలుగు దుమ్ము మీద పడి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది కనుక గోదావరి ఒడ్డున చీకటి చోటు వెతుక్కుని, కెమెరాను స్టాండుపై కదలకుండా నిలిపి, 24 మి.మీ. లెన్సుతో ఎక్స్‌పోజరును, అంటే వెలుగును లోపలికి రానిచ్చే వ్యవధిని, 20 సెకన్ల లోపు ఉంచాలి. అంతకు మించితే భూభ్రమణం వల్ల చుక్కలు గీతలుగా సాగుతాయి. చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే కృత్తికలు నీలంగా, రోహిణి నిప్పుకణికలా కనిపిస్తాయి. రోహిణీ శకటమనే బండి ఆకారంలో ఒకే చోట ఉన్నట్లు తోచే చుక్కల్లో రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలోనూ, మిగిలిన గుంపు దాదాపు 150 కాంతి సంవత్సరాల దూరంలోనూ ఉన్నాయి. ఆ బండి మన చూపు కట్టుకున్నదే.

పైగా పంచాంగంలోని నక్షత్రం ఈ చుక్క కాదు, చంద్రుని దారిని 27 భాగాలు చేయగా వచ్చిన 13 డిగ్రీల 20 నిమిషాల ముక్క. చంద్రుడు దాన్ని సుమారు ఒక రోజులో దాటుతాడు. ఆ లెక్కన 800 కోట్ల జనాభాలో దాదాపు 30 కోట్ల మంది రోహిణిలో పుట్టినవారే. వారందరి మేనమామలూ ఆపదలో పడాలి కదా! ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 2008లో మహారాష్ట్రలో జరిపిన పరీక్షలో, చురుకైన విద్యార్థుల జాతకాలనూ బుద్ధిమాంద్యం గల పిల్లల జాతకాలనూ వేరు చేయమంటే 27 మంది జ్యోతిష్కుల సమాధానాల్లో సరైనవి 46 శాతమే. నాణెం ఎగరేసినా సగం వస్తాయి.

భూగర్భ గనిలో నిజమైన గండమైన మీథేన్ వాయువును మీటరుతో కొలిచి, 1.25 శాతం దాటితే విద్యుత్తు ఆపేస్తారే తప్ప ఏ కార్మికుని జన్మనక్షత్రమూ అడగరు. అదే కార్మికుడు పైకప్పు కూలి మరణిస్తే, ఆధారం ఎందుకు నిలవలేదని అడగవలసిన ఇంట్లో నింద ఉయ్యాలలోని మేనకోడలి మీద పడటం ఘోరమైన అన్యాయం. ఆ మాట పెళ్లి చూపుల దాకా ఆమెను వెంటాడుతుంది. కాబట్టి ఈ డిసెంబరు అమావాస్య రాత్రి రోహిణి చిత్రాన్ని మేనమామే తీయాలి, రోహిణిలో పుట్టిన మేనకోడలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆమె వేలితోనే బటన్ నొక్కించాలి.