మోకాలికి తాళం



నా దోస్త్‌కి రెండేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఇప్పుడు 46 ఏళ్లు, టైలర్ షాపు నడుపుతాడు. మోకాలు మడత పడకుండా చెయ్యి తొడ మీద ఆనించి, వంగి వంగి నడుస్తాడు. 2014లో మన దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రకటించారు, అల్హందులిల్లాహ్. దాంతో మనం కిస్సా ఖతం అనుకున్నాం. అప్పటికే దాని బారిన పడ్డవాళ్లు మన గల్లీల్లోనే ఉన్నారు. వయసు మీద పడేకొద్దీ వాళ్ల మంచి కాలు కూడా అలసిపోతోంది.

అతనికి ఇనుప కాలిపర్ ఉంది. తాళం వేస్తే కాలు కర్రలా బిగుసుకుపోతుంది, తీస్తే మోకాలు కూలిపోతుంది. ఏళ్ల తరబడి అది తలుపు వెనకే వేలాడుతోంది. అమెరికాలో 2014లో అనుమతి పొందిన రోబో కాళ్ల ధర అప్పట్లోనే సుమారు 70 వేల డాలర్లు. మా షాపులూ ఇళ్లూ అన్నీ అమ్మినా రాదు. నేను ఆటోనగర్‌లో మోటార్లు వైండింగ్ చేసేవాణ్ణి, మా భాంజా ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మనమే చేద్దాం అనుకున్నాం.

మొదట పాత కారు వైపర్ మోటారు బిగించాం. పది అడుగులు వేసి ఆగిపోయాడు. "భాయ్, ఇది నన్ను నడిపించట్లేదు, నేనే దీన్ని మోస్తున్నా" అన్నాడు. అప్పుడు కలాం సాబ్ గుర్తొచ్చారు. హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అగ్ని క్షిపణికి వాడిన తేలికైన పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారాయన. అసలు సంగతి బరువేనని ఆయనకు తెలుసు. మాకు నడుం నొప్పెట్టాక తెలిసింది.

అతని నడకను మళ్లీ గమనించాం. తుంటితో కాలు ముందుకు వేయగలడు. బరువు పడినప్పుడు మోకాలు నిలవదు, అంతే. అంటే కాలిని తిప్పే మోటారు అక్కర్లేదు, సమయానికి పడి సమయానికి తెరుచుకునే తాళం చాలు. పాదం కింద రెండు స్విచ్‌లు, మోకాలి దగ్గర పళ్ల చక్రం, దాన్ని వదిలించడానికి బొమ్మ విమానాల్లో వాడేలాంటి చిన్న మోటారు. పాదం ఆనితే బిగుస్తుంది, పూర్తిగా లేస్తే వదులుతుంది.

ఒక తప్పు చేశాం, దాచను. స్ప్రింగ్‌ని తలకిందులుగా పెట్టాం. బ్యాటరీ అయిపోగానే తాళం తెరుచుకుంది, షాపు ముందే పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇప్పుడు కరెంటు పోతే తాళం పడే ఉంటుంది. కాలు బిగుసుకుంటుంది కానీ మనిషి పడడు. కాలిపర్లు చేసే టెక్నీషియన్‌తో కొలతలు తీయించి, రెండు పక్కలా పట్టుకునే కడ్డీల మధ్యే నడిపిస్తున్నాం. ఇది మొదటి రోజే చేయాల్సింది. ఇంతవరకు 14 వేలు అయింది. సగం తనే పెట్టుకున్నాడు, వద్దంటే వినలేదు.

ఇక నా మాట. రమజాన్‌లో మనం వీల్‌చైర్లు పంచుతాం. బ్యానర్, ఫోటో, దువా. ఎవరి కొలత ఎంతో ఎవరూ అడగరు. ఆరు నెలలకు చక్రం ఊడితే బాగుచేసే దిక్కుండదు, అది మేకలు కట్టే గుంజ అవుతుంది. జకాత్ హక్‌దార్ చేతికి, అతని సొంతంగా అందాలని మన ఉలమా చెబుతారు. సొంతం అంటే అతని ఒంటికి సరిపోయేది, అతను వాడుకునేది అని కూడా కదా? మసలా వివరం మౌలానా సాబ్‌ని అడగండి. నేను మెకానిక్‌గా చెప్పేది ఒకటే: వంద కుర్చీల డబ్బుతో ముప్పై మందికి కొలిచి చేయించి, మిగిలింది మూడేళ్ల మరమ్మతుకు ఉంచండి. ఫోటో చిన్నదవుతుంది, నిజమే.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేని సహాబీ. ప్రవక్త (స) ఆయనతో అజాన్ ఇప్పించారు, తాము మదీనా విడిచి వెళ్లినప్పుడు తమ స్థానంలో నిలబెట్టారు. మనమేమో మాజూర్ కనబడగానే జేబు తడుముకుంటాం. ఖైరాత్ ఇవ్వడం తేలిక, సఫ్‌లో చోటివ్వడం కష్టం.

మా దోస్త్ రోబో కాలు అడగలేదు. జుమాకి మస్జిద్‌కి నడిచి వెళ్లాలన్నాడు. గేటు దగ్గర ఏడు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. వుజూ దగ్గర పీటలు జానెడు ఎత్తు, కూర్చుంటే లేవలేడు. మా తాళం చదునైన నేల మీదే పనిచేస్తుంది, మెట్లెక్కించే తెలివి దానికి లేదు. ర్యాంప్ కోసం కమిటీ వాళ్లను అడిగాను. మినార్ల రంగు పని అయ్యాక చూద్దామన్నారు. నెల రోజులైంది. ఈ శుక్రవారం మళ్లీ వెళ్తున్నా, ఈసారి అతన్ని కూడా తీసుకెళ్తున్నా.