కాడీ ఎవరివాడు?

గోల్ఫ్ ఆడేవాడు రోజుకి రెండు ఆటలు ఆడతాడు. మొదటిది తెల్లవారుజామున మైదానంలో. రెండోది ఎండెక్కాక క్లబ్బు వరండాలో, కాఫీ కప్పు ముందు కూర్చుని. మొదటి ఆటలో ఎంత చితికిపోయినా సరే, రెండో ఆటలో ఓడిపోయినవాణ్ణి ఈ పన్నెండేళ్ళలో నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. ‘‘ఏడో గుంటకి ఎదురుగాలి. అయినా అయిదో నంబరు కర్ర తీసి కొట్టానండీ, బంతి వెళ్ళి జెండా పక్కన బుద్ధిగా కూర్చుంది’’ అంటాడు ఒకాయన. పక్కనున్న ముగ్గురూ ‘‘ఆహా’’ అంటారు. తమ వంతు వస్తుంది గదా మరి.

నా తగువల్లా ఈ రెండో ఆటతోనే. ఇందులో ఒక మనిషి మాయమైపోతాడు. ఆరో నంబరు కర్ర తియ్యబోతున్న ఆ పెద్దమనిషిని ఆపి, అయిదు అందించినవాడెవడు? పొదల్లో దాక్కున్న బంతిని వెతికి పట్టుకున్నవాడెవడు? బంతి జెండా పక్కన పడితే ‘‘నేను కొట్టాను’’. నీళ్ళగుంటలో పడితే ‘‘వాడు సరిగ్గా చెప్పలేదు’’. ఆ ‘‘వాడు’’ కాడీ. వరండా కథల్లో కాడీ పేరు రావాలంటే పాపం, బంతి నీళ్ళలో పడాల్సిందే!

ఈ పత్రిక చదివేవారిలో గోల్ఫ్ మైదానం గేటు దాటి లోపలికి వెళ్ళినవారు తక్కువే ఉంటారు గనక కాస్త వివరం చెప్పాలి. చిన్న బంతి, పద్ధెనిమిది గుంటలు. ఒక్కో గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే మన కాఫీ డబరా అంత అనుకోండి. వీలైనన్ని తక్కువ దెబ్బల్లో బంతిని ఆ గుంటల్లో వెయ్యడమే ఆట. పద్నాలుగు కర్రల దాకా వెంట ఉంచుకోవచ్చు. (కర్రనీ క్లబ్బే అంటారు, మనం చందా కట్టే సంఘాన్నీ క్లబ్బే అంటారు. రెండిట్లో ఏది ఎప్పుడు ఎదురు తిరుగుతుందో చెప్పలేం.) కర్రలూ, బంతులూ, గొడుగూ, నీళ్ళసీసా కలిసి సంచీ పన్నెండు పదిహేను కిలోలు తూగుతుంది. దాన్ని భుజాన వేసుకుని నాలుగు గంటలు, ఏడెనిమిది కిలోమీటర్లు మన వెంట నడిచేవాడే కాడీ. మాట ఇంగ్లీషుదే గాని తెలుగులో ఎలా అతికిందో చూడండి: కాడి మోసే ఎద్దుకీ మన కాడీకీ తేడా ఒక్క దీర్ఘం!

మా కాడీకి యాభై దాటాయి. పదకొండో ఏట బంతులు ఏరే కుర్రాడిగా వచ్చాడట. అప్పట్లో మా మైదానంలో గుంటల చుట్టూ ఇప్పుడున్న పచ్చగడ్డి లేదు. ఇసకలో నూనె కలిపి పరిచేవారు. వాటిని గ్రీన్లు అనడానికి మొహమాటపడి బ్రౌన్లు అనేవారు. దొరలు వచ్చి ఆడి వెళ్ళాక వాళ్ళ కాలిగుర్తులు పోయేలా గోనెపట్టా లాగి చదును చెయ్యడం అతని మొదటి ఉద్యోగం. ఆ మైదానంలో ఏ రాయి ఎప్పుడు పైకి తేలిందో అతనికి తెలుసు. మూడో గుంట దగ్గర నేల చూస్తే ఎడమకి వాలినట్టే ఉంటుంది, బంతి మాత్రం కుడికి పోతుంది. నేను ఇంజనీరింగు శాఖలో ముప్ఫైయేళ్ళు లెవెళ్ళు తీసి రిటైరైనవాణ్ణి. ‘‘ఇదెలా కుదురుతుందయ్యా?’’ అని అడిగాను. ‘‘వానొచ్చినప్పుడు నీళ్ళెటు పోతాయో చూశాను బాబూ’’ అన్నాడు. ఆ చూపులో నలభై వానాకాలాలున్నాయి. నా లెవెలింగు యంత్రంలో అవి లేవు.

నేలనే కాదు, మనిషినీ అలాగే చదువుతాడు. నాకు రావలసిన ఆఖరి ప్రమోషను మరొకరికి పోయిందని తెలిసిన మర్నాడు, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పకుండానే మైదానానికి వెళ్ళాను. రెండు దెబ్బలు కొట్టానో లేదో, ‘‘ఇవాళ భుజం బిగిసిపోయింది బాబూ. ఆ చెట్టు కింద కాసేపు కూర్చుని కొడదాం’’ అన్నాడు. ఏం జరిగిందని అడగలేదు. నీళ్ళసీసా మూత తీసి ఇచ్చాడు, అంతే. మా ఆవిడకి సాయంత్రం తెలిసిన సంగతి అతనికి పొద్దున్నే తెలిసింది. (ఈ మాట ఆవిడ ఇక్కడే మొదటిసారి చదువుతుంది.)

సోమవారం మా మైదానానికి సెలవు. ఆ పూట కాడీలు ఆడుకోవచ్చు. సభ్యులు పారేసిన కర్రలు నలుగురికి కలిపి ఆరో ఏడో ఉంటాయి. అతను ఆడుతుంటే ఒకసారి చూశాను. వరండాలో కూర్చుని విదేశీ శిక్షకుల వీడియోలు తిప్పేవాళ్ళు చూడవలసిన దెబ్బ అది! కానీ ఆ దెబ్బకి స్కోరు కార్డు లేదు, హ్యాండికాప్ లేదు. క్లబ్బు పుస్తకాల ప్రకారం ఆ మైదానాన్ని మా అందరికంటే బాగా ఆడగల మనిషి అసలు ఆటగాడే కాడు.

మేమంతా అమెచ్యూర్లం. ఆ మాటకి అసలర్థం ప్రేమించేవాడని. డబ్బు కోసం కాక, ఆట మీది ప్రేమతో ఆడేవాడన్నమాట. వినడానికి ఎంత బాగుందో! దాని చరిత్ర మాత్రం అంత తియ్యగా లేదు. 1913లో అమెరికాలో ఫ్రాన్సిస్ విమెట్ అనే ఇరవైయేళ్ళ కుర్రవాడు హ్యారీ వార్డన్, టెడ్ రే అనే బ్రిటిష్ దిగ్గజాలిద్దర్నీ ఓడించి యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. ఆ మైదానానికి ఎదురింటి పిల్లవాడే, అక్కడే కాడీగా పనిచేసినవాడే. ఆ రోజు అతని సంచీ మోసింది ఎడ్డీ లోవరీ అనే పదేళ్ళ బాలుడు. ఈ కథ అందరూ చెబుతారు. చెప్పనిది ఇంకొకటుంది. ఆ రోజుల్లో పదహారేళ్ళు దాటాక సంచీ మోస్తే అమెచ్యూరు హోదా పోయేది. అందుకే విమెట్ ఆ వయసుకి కాడీ పని మానుకోవలసి వచ్చింది. తండ్రి డబ్బుతో ఆడితే ప్రేమ, సంచీ మోసి నాలుగు డబ్బులు సంపాదించుకుని ఆడితే వ్యాపారం! ఇదీ ఆనాటి ప్రేమశాస్త్రం.

మన దేశం సంగతి చూద్దాం. ఇండియన్ ఓపెన్ 1964లో మొదలైంది. 1965లో బిల్లూ సేఠీ అనే అమెచ్యూరు గెలిచాడు. మళ్ళీ ఒక భారతీయుడు గెలవడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. 1991లో గెలిచిన ఆ అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కాడీగా మొదలైనవాడు. 1829లో పుట్టిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా. అదే గడ్డి మీద ఆట నేర్చుకుని 2016లోనూ, 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఈ పేర్లు చెప్పగానే మా వరండాలో ఒకాయన ముఖం వెలిగిపోతుంది: ‘‘చూశారా, ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు!’’ అయ్యా, ఆపలేకపోయింది ఇద్దర్నో ముగ్గుర్నో. ఆగిపోయినవాళ్ళ లెక్క మీ దగ్గరుందా? ఒక్కడు గోడ దూకాడు గనక గోడ లేదనడం ఏం న్యాయం?

ఇక అసలు విషయం. రెండేళ్ళ కిందట వేసవిలో మా క్లబ్బులో ఒక ఆగేవాలాకి దెబ్బ తగిలింది. ఆగేవాలా అంటే ముందుండేవాడు. బంతి ఎక్కడ పడుతుందో చూడ్డానికి రెండు వందల గజాల అవతల నిలబడే కుర్రవాడు. అంటే, బంతికి ఎదురుగా నిలబడడమే అతని ఉద్యోగం. మామూలు ఆటగాడు గట్టిగా కొట్టినా బంతి బయల్దేరేటప్పుడు వేగం గంటకి 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అది తిన్నగా పోయి పంతొమ్మిదేళ్ళ ఆ పిల్లవాడి కంటికి తగిలింది. చూపు పోయింది.

కొట్టిన సభ్యుడు దుర్మార్గుడేం కాదు. కారులో ఆసుపత్రికి తీసికెళ్ళాడు, అయిదు వేలు చేతిలో పెట్టాడు. తర్వాత సంగతి అడిగితే ‘‘క్లబ్బు పంపిన మనిషి గదండీ, ఒంటిమీద నంబరు బిళ్ళ కూడా క్లబ్బుదే’’ అన్నాడు. క్లబ్బువారిని అడిగితే ‘‘అతను మా ఉద్యోగి కాడు, ఆటగాళ్ళు పెట్టుకున్న మనిషి’’ అన్నారు. మరి ఎవరివాడు?

ఇది మా ఊరి చిత్రమే కాదు. హాంగ్‌కాంగ్‌లో రాయల్ గోల్ఫ్ క్లబ్బు కాడీ ఒకతను తాను క్లబ్బు ఉద్యోగినే అని లండన్లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళాడు. 1997లో కాదని తీర్పొచ్చింది. అదీ ఏకగ్రీవం కాదు లెండి. మా కార్యవర్గంలో ఒక వకీలుగారు ఈ తీర్పుని జేబులో పెట్టుకునే తిరుగుతారు.

సరే, ఆయనకి తీర్పుంటే నాకు ఆట నియమాల పుస్తకం ఉంది. అందులో ఏముంది? పోటీలో నేను సలహా అడగదగిన మనిషి నా కాడీ, జోడీ ఆటైతే జోడీదారూ, అతని కాడీ కూడా. కన్నతండ్రి పక్కన నిలబడి ఉన్నా, ‘‘ఏ కర్ర తియ్యను నాన్నా?’’ అని అడిగితే రెండు దెబ్బల జరిమానా. కాడీని అడిగితే తప్పు లేదు. ఎందుకని? ఆట దృష్టిలో అతనూ నేనూ వేరు కాదు. అంతేనా? కాడీ నియమం తప్పితే జరిమానా నాకు పడుతుంది. అతని పొరపాటు నా లెక్కలో రాస్తారు. మరి అతని పొరపాటు నాదైనప్పుడు అతని కన్ను ఎవరిది? స్కోరు కార్డు దగ్గర ఒకే మనిషి, ఆసుపత్రి బిల్లు దగ్గర ఇద్దరు మనుషులూనా? దీనికి వకీలుగారు ఇంతవరకు జవాబు చెప్పలేదు. చెప్పకపోగా, నేను వస్తుంటే పేపరు అడ్డం పెట్టుకుంటున్నారు.

సర్వసభ్య సమావేశంలో ఈ మాటే లేవదీశాను. వచ్చిన అభ్యంతరాలు వినండి. ఖర్చు పెరుగుతుందన్నారు. కేంద్ర ప్రభుత్వం నడిపే ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు. పద్ధెనిమిది నుంచి డెబ్భై ఏళ్ళ లోపువారికి, ప్రమాదంలో ఒక కంటి చూపు శాశ్వతంగా పోతే లక్ష రూపాయలొస్తుంది. లక్షతో కన్ను రాదు, నాకూ తెలుసు. కానీ ఆ 20 రూపాయల కాగితం మీద కూడా ఆ పిల్లవాడి చేత ఎవరూ సంతకం పెట్టించలేదు. మనం ఒక్క ఉదయం పొదల్లో పారేసుకునే బంతుల ఖరీదుతో కాడీలందరికీ ఏడాది బీమా కట్టొచ్చు. బీమా అంటే మనకేం కొత్త కాదు. ఒకే దెబ్బకి బంతి గుంటలో పడితే స్నేహితులకి ఇవ్వాల్సిన విందు ఖర్చుకి సైతం గోల్ఫర్లకి పాలసీ ఉంది! విందుకి బీమా ఉంది గాని కంటికి లేదు.

‘‘డబ్బిస్తే తాగుతారండీ’’ అన్నారు ఇంకొకరు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో ఉన్న గ్లాసు సంగతి నేను రాయను.

ఆధునికులొకరు లేచి, బ్యాటరీ బండ్లు కొనేస్తే కాడీల బెడదే ఉండదన్నారు. కొనండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి మంచిదే. కానీ మూడో గుంట దగ్గర వాన నీళ్ళు ఎటు పోతాయో ఆ బండి చెబుతుందా? భుజం బిగిసిందని ఆపుతుందా? ‘‘బెడద’’ అన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. మన ఓటమిని రోజూ దగ్గరుండి చూసి, ఊళ్ళో ఎవరికీ చెప్పని మనిషికి మనం పెట్టిన పేరా అది?

నేనడిగింది పెద్ద విప్లవమేం కాదు. ప్రతి కాడీకీ క్లబ్బు ఖర్చుతో బీమా. ఆగేవాలాకి శిరస్త్రాణం, నిలబడ్డానికో అడ్డుతెర. ఎండకి తల దాచుకోవడానికి తొమ్మిదో గుంట దగ్గర గట్టి కప్పున్న షెడ్డు. సోమవారం ఆటకి స్కోరు కార్డులు, వాటి ఆధారంగా హ్యాండికాప్. చివరిది వినగానే నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది సోమవారం పూట అతనితో ఆడితే ఆరో గుంట దగ్గరే బంతి జేబులో వేసుకుని ఇంటికొచ్చేస్తారు.

తీర్మానం ‘‘పరిశీలనకి’’ పంపారు. పరిశీలన అంటే ఏమిటో ముప్ఫైయేళ్ళు ప్రభుత్వోద్యోగం చేసినవాడికి వేరే చెప్పాలా? అందుకని ప్రత్యేక సమావేశం కోసం సంతకాలు సేకరిస్తున్నాను. నిబంధన ప్రకారం ఇరవై కావాలి. పదకొండు వచ్చాయి. పన్నెండోది పెడతానని ఆ వేసవిలో బంతి కొట్టిన సభ్యుడే కబురు పంపాడు, ఇంకా పెట్టలేదు. మా క్లబ్బు సభ్యులెవరైనా ఈ పేజీ చదువుతూంటే, కాగితం స్కోరు కార్డుల బల్ల మీదే ఉంది. పెన్ను దారంతో కట్టి ఉంచాను. గడువు ఈ నెలాఖరు.