సర్దుకున్నదానికి లెక్కేదీ?

ఉన్నదాంట్లో పని చక్కబెట్టుకోవడం ఎలాగో ఆడవాళ్ళకి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే! నలుగురికి వండిన కూర ఆరుగురికి సరిపెట్టడం మనకెవరు నేర్పారు? అయినా ఎక్కడ విన్నా ఇదే ఉపదేశం. "వసతులు లేవని కూర్చోకండి, ఉపాయం ఆలోచించండి" అని. చెప్పేవాళ్ళ ముందు మాత్రం మంచినీళ్ళ సీసాతో సహా అన్నీ అమర్చి ఉంటాయి లెండి!

మొన్న స్టీలు డబ్బాల కోసం బేగంబజార్ వెళ్ళాను. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, తోపుడుబళ్ళనీ, హమాలీలనీ తప్పించుకుంటూ గిన్నెల దుకాణం చేరేసరికి సగం ఓపిక హరించుకుపోయింది. అక్కడ గిన్నెల అందం చూసి ధర చెప్పరు. తూకం వేసి చెబుతారు.

నాకంటే ముందు ఒకావిడ చిల్లుపడ్డ అల్యూమినియం డేగిశాని కాటా మీద పెట్టించింది. దాన్నిచ్చి, పైన డబ్బు కట్టి కొత్తది తీసుకుంటుందట. మెదక్ వైపు పల్లె. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుందట.

"గిన్నెలు బడివాళ్ళే కొనివ్వరా?" అన్నాను.

"చెప్పినమమ్మా. వస్తయన్నరు. వచ్చేదాంక పిల్లలు ఆగుతరా?"

బియ్యం వస్తాయి. నూనె, కూరగాయలు మాత్రం అప్పు; బిల్లు వచ్చినప్పుడు తీరుస్తుంది. పప్పు చాలని రోజున పెరట్లో మునగాకు దూసి వేస్తుంది.

"మస్తు హుషార్ ఉన్నవమ్మా!" అని సేటు మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే కాటా అంకెల మీంచి చూపు మాత్రం తిప్పలేదు.

నాకు అక్కడే ఒళ్ళు మండింది. సేటు మీద కాదు. ఆయనా పొదుపరే. అట్టపెట్టె, గోనెసంచి, తాడుముక్క... ఏదీ పారెయ్యడు. కానీ ఆయన మిగిల్చిన పైసా ఆయన గల్లాలోనే పడుతుంది. మరి ఈవిడ మిగిల్చింది ఎవరి గల్లాలో పడుతోంది?

బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2001 నవంబరు 28న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలుపెట్టి, వంట మహిళా సంఘాలకి అప్పజెప్పారు. వండేవాళ్ళకి 2009 డిసెంబరు నుంచి దేశమంతటికీ నిర్ణయించిన గౌరవ వేతనం నెలకి 1,000 రూపాయలు. అదీ ఏడాదికి పది నెలలే! ఆ తర్వాత మన రెండు రాష్ట్రాలూ దాన్ని 3,000 చేశాయి. పేరులోనే ఉంది చూడండి కిటుకు... గౌరవం ముందు, వేతనం వెనక!

"మరి లిజ్జత్ అప్పడాల సంగతో?" అంటారు. నిజమే. 1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అయితే ఈ కథ చెప్పేవాళ్ళు సగంలోనే ఆపేస్తారు. అక్కడ అప్పడం వత్తే ప్రతి స్త్రీ సంస్థలో భాగస్వామి. లాభమొస్తే తన వాటా తనది. అందుకే దాన్ని ఉపాయం అన్నాం.

సర్దుకోవద్దని నేననడం లేదు. పిల్లల ఆకలి ఆగదు, ఆవిడన్నది అక్షరాలా నిజం. కానీ పప్పులో మునగాకు వెయ్యడం నేర్పు. సొంత డబ్బుతో డేగిశా కొనడం నేర్పు కాదు, చందా! రెండింటికీ ఒకటే పేరు పెట్టి, ఒకటే చప్పట్లు కొట్టి పంపేస్తున్నారు. మనం కూడా ఆ చప్పట్లకి మురిసిపోతున్నాం.

సొంత డబ్బుతో సుద్దముక్కలు కొనే టీచరమ్మలూ, ఆఫీసు పని ఇంటికి మోసుకొచ్చే ఉద్యోగినులూ! ఒక నోటుపుస్తకం పెట్టండి. తారీఖు, వస్తువు, ధర, వెచ్చించిన గంటలు రాయండి. నెలాఖరున పైవాళ్ళ బల్లమీద పెట్టండి. ఇచ్చేస్తారన్న భ్రమ నాకూ లేదు. కానీ "ఏ కొరతా లేదు, అంతా సవ్యంగా జరుగుతోంది" అని కాగితం మీద రాసే ధైర్యం వాళ్ళకి ఉండదు. నోరెత్తకుండా సర్దుకున్నన్నాళ్ళూ ఆ కొరత ఎవరి కంటా పడదు.

ఆవిడకీ అదే చెప్పాను. "చీటీ కాదు, పక్కా బిల్లు రాయించుకో. తీసికెళ్ళి హెడ్మాస్టరు గారికి చూపించు" అన్నాను. సేటు మొహం కాస్త ముడుచుకుంది గానీ, రాసిచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంది.

"ఇస్తరంటవా అమ్మా?" అంది, డేగిశా నెత్తికెత్తుకుంటూ.

"అడగనైతే అడుగు" అన్నాను.