ఇంటి సామాను కబుర్లు: కంట్రోలరుకు నాడి పట్టడం

పోయిన నెల మిక్సీ గురించి వ్రాసినప్పుడు, "పిల్లల ఆటవస్తువుల సంగతి కూడా కాస్త చెప్పండి" అని తిరువళ్ళూరు నుంచి ఇద్దరు తల్లులు కబురంపారు. ఆటవస్తువంటే బొంగరమూ, గోలీలూ కావు. టెలివిజనుకో కంప్యూటరుకో తగిలించి ఆడే ఆటల చేతిపిడి. పిల్లలు దాన్ని కంట్రోలరు అంటారు, ఇంట్లో పెద్దవాళ్ళు రిమోటు అంటారు. నేను పిల్లల పక్షమే. వస్తువు వాళ్ళది, పేరు పెట్టే హక్కూ వాళ్ళదే.

ఇందులో సాధారణమైనవి, ఖరీదైనవి అని రెండు జాతులున్నవి. మైక్రోసాఫ్టు వారు 2019 నవంబరులో తెచ్చిన ఎక్స్‌బాక్స్ ఎలీట్ రెండవ శ్రేణి వచ్చిననాడు అమెరికాలో 180 డాలర్లు. సోనీ వారు 2023 జనవరిలో తెచ్చిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్ వచ్చిననాడు 200 డాలర్లు. ఆ సొమ్ముతో మన ఊళ్ళో ఒక గ్రైండరు, ఒక మిక్సీ, ఒక గ్యాసు పొయ్యి కొని, ఆటోకు కూడా మిగుల్చుకోవచ్చును. అంత పోసి కొన్నది చెడిపోతే వస్తువు ఒక్కటే చెడదు, ఇంట్లో మనసులు కూడా చెడతాయి.

తిరువళ్ళూరులో మా అక్కగారింట అదే జరిగింది. మేనల్లుడు పదకొండో తరగతి. వాడి బాబాయి డల్లాసు నుంచి వస్తూ ఇటువంటి కంట్రోలరు ఒకటి తెచ్చి యిచ్చాడు. ఎనిమిది నెలలు తిరగలేదు, తెర మీది బొమ్మమనిషి తనంతట తానే ఎడమవైపు నడవసాగాడు. "డ్రిఫ్ట్ వచ్చింది నాయనా" అన్నాడు పిల్లవాడు. బావకు ఆ మాట అర్థం కాలేదు. తిరుత్తణి 1960లో మదరాసు రాష్ట్రంలో చేరకముందూ, చేరిన తరువాతా మన ఇళ్ళలో వంటింటికి ఒక భాష, బజారుకు ఒక భాష, కాగితానికి ఒక భాష నడుస్తూనే వున్నవి. ఇప్పుడు పిల్లలు నాలుగోది తెచ్చిపెట్టారు. "నేల మీద పడేసి వుంటావు. అదిగాక అబద్ధం వేరే" అని బావ కేకలు వేశాడు. ఊళ్ళో ఒక దుకాణంలో చూపిస్తే అతడు విప్పనైనా విప్పకుండా "బోర్డు పోయిడిచ్చు, ఆరాయిరం ఆగుం" అన్నాడట. దానితో నేరం రుజువైనట్టే అయింది. తండ్రీ కొడుకూ మాటలు మానుకున్నారు. డల్లాసు మరిది ఫోను చేసి "ఎట్లా వుంది వదినా?" అని అడిగితే ఏమి చెప్పాలా అని అక్కకు దిగులు.

ఒక ఆదివారం తిరుత్తణిలో ఎలక్ట్రిక్ రైలెక్కి వెళ్ళాను. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఒక నోటుబుక్కు తీసి, ఏది చేశామో, ఏమి కనబడిందో వరుసగా వ్రాసుకుంటూ పోయాము. ఆఫీసులో ఫైలు మీద నోటు పెట్టినట్లే. ఈ వరుస ముఖ్యం. ఒక్కసారికి ఒక్కటే మార్చవలె. కేబులూ మార్చి, ఆటా మార్చి, బాగయిందంటే దేనివల్ల బాగయిందో బ్రహ్మకైనా తెలియదు.

మొదట కేబులు. ఫోనుతో వచ్చే తీగలలో కొన్నింటికి ఛార్జి పెట్టే తీగలే వుంటాయి, సమాచారం మోసే తీగలు లోపల వుండనే వుండవు. దీపం వెలుగుతుంది, కంప్యూటరు మాత్రం గుర్తు పట్టదు. కంట్రోలరు చచ్చిపోయిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. కనుక పనిచేస్తుందని తెలిసిన మరో కేబులు ముందు తగిలించి చూడవలె. తరువాత రెండో యంత్రం. పొరుగింటి కంప్యూటరుకు తగిలించినా అదే జబ్బు కనబడితే జబ్బు కంట్రోలరులో వున్నది. అక్కడ లేకపోతే మన యంత్రంలోనో, ఆటలోనో వున్నది. తీగ లేకుండా వాడినప్పుడు మాత్రమే తడబడితే అది గాలిలో వచ్చే సంకేతపు చిక్కు, పుల్లది కాదు. సోనీ కంట్రోలరుకు వెనుకవైపు సూది పట్టేంత చిన్న రంధ్రం వుంటుంది. యంత్రం ఆపి, అందులో పిన్నుతో ఐదు సెకండ్లు నొక్కితే పాత జ్ఞాపకం పోయి కొత్తగా జతకడుతుంది. ఇదంతా అయ్యేసరికి పది నిమిషాలు పట్టింది. మా వాడి జబ్బు మాత్రం కదలలేదు.

తరువాత అసలు పరీక్ష. విండోస్ వున్న ఏ కంప్యూటరులోనైనా రన్ అనే పెట్టె తెరచి, ఇంగ్లీషు అక్షరాలలో జాయ్, చుక్క, సి.పి.ఎల్. అని కొట్టితే కంట్రోలర్ల జాబితా వస్తుంది. ప్రాపర్టీస్ నొక్కితే ఒక చతురస్రం, అందులో చిన్న కూడిక గుర్తు. ఎడమ పుల్ల ఎటు పోతే ఆ గుర్తు అటు పోతుంది. కుడి పుల్లకు పక్కనే గీతలుంటాయి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

కంట్రోలరును బల్ల మీద పెట్టి, ఎవరూ తాకకుండా గుర్తును చూడవలె. నడుమ నిలిచిందా, వణుకుతున్నదా, పక్కకు జారుతున్నదా? పుల్లను పూర్తిగా ఎడమకు నెట్టి వదలవలె, కుడికి నెట్టి వదలవలె, పైకీ కిందికీ అలాగే. నాలుగుసార్లూ ఒకే చోటికి వచ్చి ఆగవలె. ఆపైన మెల్లగా, నూనె పోసినట్లు, ఒక కొస నుంచి మరో కొసకు జరపవలె. గుర్తు కూడా అంత మెల్లగానే జరగాలి. మధ్యలో ఎగిరి దూకితే అక్కడ లోపల అరిగిందన్నమాట. మా నోటుబుక్కులో పడినది ఇది: కుడి పుల్ల నిక్షేపం. ఎడమ పుల్ల పైకీ కిందికీ నిక్షేపం. అడ్డంగా మాత్రం నడిమి దగ్గర దూకుడు, వదిలితే ఎడమకు జారుడు. మీటలన్నీ సరి.

బోర్డు పోయివుంటే ఒక్క పుల్ల, అందులోనూ ఒక్క దిక్కే, అంత లెక్కగా చెడడం అరుదు. పాత రేడియోకు వాల్యూము తిప్పే బిరడా గుర్తున్నదా? కొన్నేళ్ళకు తిప్పినప్పుడల్లా గరగరమనేది. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పితే కొన్నాళ్ళు ఊరుకొనేది. కంట్రోలరు పుల్ల కింద వున్నది ఆ జాతి వస్తువే, పొటెన్షియోమీటరు. బొగ్గుపూత పూసిన చిన్న వంపు మీద లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. అడ్డానికి ఒకటి, నిలువుకు ఒకటి. పూత అరిగితే నడుము ఎక్కడున్నదో యంత్రానికి తెలియదు. ఇటువంటి పుల్లలు చేసే ఆల్ప్స్ అనే జపాను కంపెనీ వీటికి చెప్పే ఆయుష్షు సుమారు 20 లక్షల తిప్పులు. వినడానికి పెద్ద లెక్క. అస్తమానం పుల్ల తిప్పే తుపాకీ ఆటలలో అది త్వరగా కరిగిపోతుంది.

"అయితే వీడు పడెయ్యలేదంటావా?" అన్నాడు బావ.

"పడేస్తే పెట్టెకు గీటన్నా వుండదా బావా? నువ్వే తిప్పి చూడు."

బావ కళ్ళద్దాలు పెట్టుకొని, పుల్లను మెల్లగా జరిపి, తెర మీద గుర్తు దూకడం రెండు మూడుసార్లు చూశాడు. ఏమీ అనలేదు. "వాడికి టిఫిను పెట్టినావా?" అని అక్కను కేకేశాడు. పిల్లవాడు మాత్రం నాతో మెల్లగా, "నేను చెప్పింది ఇదే కదా మామా, అదే పోతా వుండాది" అన్నాడు.

మరుసటి వారం మదరాసు రిచ్చీ వీథికి తీసుకుపోయాము. ఆ వస్తువులో పుల్ల బోర్డుకు టంకం వేసి వుంటుంది, కాళ్ళు పదికి పైగా. ఇంట్లో విప్పే పని కాదు. మెకానిక్కు రెండు పుల్లలూ మార్చి పన్నెండు వందలు అడిగాడు. డబ్బు యిచ్చేముందు అక్కడి కంప్యూటరుకే తగిలించి, అదే చతురస్రం చూపించమన్నాము. నడుము సరిగా కుదరకపోతే అతడు మళ్ళీ సరిచేశాడు. ఇంటికి వచ్చాక చూసివుంటే మళ్ళీ రైలు ఖర్చు.

ఇక్కడ నాకు మింగుడుపడని సంగతి ఒకటున్నది. ఖరీదైన వాటికి పోసే సొమ్ము వెనుక అదనపు మీటలకు, మార్చుకొనే పుల్లల తలలకు, ఒరిపిడికి జారని పిడికి. అరిగే ఆ బొగ్గుపూత మాత్రం సాధారణపు దానిలో వున్నదే. ఎలీట్ రెండవ శ్రేణి మీద ఫిర్యాదులు పెరిగాక 2020 అక్టోబరులో మైక్రోసాఫ్టు వారు 90 దినాల వారంటీని ఒక సంవత్సరానికి పెంచారు. అదే ఏడాది జూనులో నిన్‌టెండో అధ్యక్షుడు షుంటారో ఫురుకావా తమ చిన్న కంట్రోలర్ల విషయమై వాటాదారుల సమావేశంలో క్షమాపణ చెప్పుకున్నాడు. ఎడ్జ్‌లో సోనీ వారు పుల్ల పెట్టెను టంకం లేకుండా ఊడదీసి కొత్తది వేసుకొనేటట్లు చేశారు. అది మెచ్చదగినదే, ఆ పెట్టెకు వేరే వెల అయినా సరే. రాపిడే లేని పద్ధతి కూడా పాతదే. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రంతో, అయస్కాంతం దగ్గరా దూరం జరగడాన్ని కొలుస్తారు. సేగా వారు 1998 నాటి డ్రీమ్‌కాస్టులోనే వాడారు. ఈనాడు తక్కువ వెల కంట్రోలర్లు కొన్నింటిలో అది వస్తున్నది. కొనేముందు "హాల్ పుల్లా, మామూలు పుల్లా?" అని అడగండి. దుకాణదారుకు తెలియకపోతే పెట్టె మీద చూడండి.

ఖరీదైనవాటికి మాత్రమే వుండే ఉత్తుత్తి జబ్బులు కొన్ని వున్నవి. తిరుత్తణిలో మా వీథి పిల్లవాడు "కుడి ట్రిగ్గరు సగమే దిగుతుంది" అని మొరపెట్టుకున్నాడు. వెనుక ట్రిగ్గరు దిగుడు తగ్గించే చిన్న బిళ్ళ వుంటుంది, అది జరిగి వున్నది. ఒక మీట పని చేయకపోతే వేరే ప్రొఫైలులో దాని పని మార్చి వున్నదేమో ముందు చూడవలె. ఎక్స్‌బాక్స్ కంట్రోలరుకు విండోస్ పెట్టెలో రెండు ట్రిగ్గర్లకూ కలిపి ఒకే గీత. రెండూ ఒకేసారి నొక్కితే గీత నడుమకే వచ్చి నిలుస్తుంది. అది జబ్బు కాదు. ఒక్కొక్కటి విడిగా నొక్కి చూడాలి.

కొత్తది కొన్నవారు పెట్టె విప్పేటప్పుడే ఫోనుతో వీడియో తీసి, వాపసు గడువు దాటకముందే ఈ పరీక్ష అంతా చేయడం మంచిది. విదేశం నుంచి చుట్టాలు తెచ్చినదానికి వారంటీ చాలావరకు కొన్న దేశంలోనే చెల్లుతుంది, కార్డు చదివి చూసుకోవాలి. ఇక్కడే కొన్నదానికి అమ్మినవాడు వినకపోతే 1915 అనే నంబరుకు ఫోను చేయవచ్చును. అక్కడా తేలకపోతే తిరువళ్ళూరులో జిల్లా వినియోగదారుల కమిషను వున్నది. ఐదు లక్షలలోపు వస్తువుకు రుసుము లేదు, కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్ళలోగా దాఖలు చేయాలి. బిల్లు లేనిదే అక్కడ కష్టం. దుకాణం బిల్లు వేడికి అచ్చయ్యే కాగితం మీద వుంటే ఏడాదికి అక్షరాలు వెలిసిపోతాయి. కొన్ననాడే ఒక జిరాక్సు తీయించి, రేషను కార్డు పెట్టే చోటనే పెట్టుకోండి.