పేజర్ మోగిందా... పడవ కదలాల్సిందే!

బేకరీకి వెళ్లారనుకోండి. మీ కేకు ప్యాక్ చేస్తున్న యజమాని నడుముకున్న పేజర్ ఉన్నట్టుండి మోగింది. అంతే, డబ్బా అక్కడే వదిలేసి పరుగో పరుగు! మన దగ్గరైతే ‘ఇదేం వ్యాపారం?’ అని విసుక్కుంటాం. బ్రిటన్, ఐర్లాండ్ తీరాల్లోని చిన్న ఊళ్లలో మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. సముద్రంలో ఎవరో ఆపదలో ఉన్నారని వాళ్లకు తెలుసు.

అలా పరుగెత్తేవాళ్లంతా ఆర్ఎన్ఎల్ఐ అనే సంస్థ లైఫ్‌బోట్ల సిబ్బంది. సర్ విలియం హిలరీ అనే పెద్దమనిషి చొరవతో 1824లో లండన్‌లో మొదలైందది. నడిచేది ప్రధానంగా జనం ఇచ్చే విరాళాలతోనే. పడవెక్కేవాళ్లలో అత్యధికులు స్వచ్ఛంద సేవకులు. టీచర్లు, ప్లంబర్లు, దుకాణదారులు... చాలామందికి వృత్తిరీత్యా సముద్రంతో సంబంధమే ఉండదు. శిక్షణ తీసుకుని, పిలుపు కోసం సిద్ధంగా ఉంటారు. ఒక్క 2023లోనే ఈ పడవలు 9 వేలకు పైగా సార్లు సముద్రంలోకి దిగాయి. 2024లో సంస్థకు రెండొందల ఏళ్లు నిండేసరికి కాపాడిన ప్రాణాలు 1,46,000 దాటాయి.

వీళ్లలో హెన్రీ బ్లాగ్ కథ మరీ చిత్రం. క్రోమర్ అనే ఊళ్లో పీతలు పట్టుకుని బతికే ఆయన 53 ఏళ్లు లైఫ్‌బోట్‌లో పనిచేసి, 873 మంది ప్రాణాలు నిలిపిన జట్టులో ఉన్నాడు. మూడు బంగారు పతకాలు అందుకున్నాడు. ఇంతా చేసి, ఆయన ఈత నేర్చుకోనేలేదట!

ప్రతిసారీ పడవ తిరిగి రాదు. 1981 డిసెంబరు 19 రాత్రి. ఇంగ్లండ్ నైరుతి కొసన మౌజల్ అనే పల్లె. (ఇంగ్లిష్‌లో రాస్తే ‘ఎలుక కన్నం’ అనే అర్థం వస్తుంది.) భయంకరమైన తుపానులో యూనియన్ స్టార్ అనే నౌక ఇంజిన్ ఆగిపోయింది. అందులో కెప్టెన్ భార్యాపిల్లలతో కలిపి ఎనిమిది మంది. హెలికాప్టర్ వల్ల కాలేదు. సాల్మన్ బ్రౌన్ అనే చెక్క లైఫ్‌బోట్ బయల్దేరింది. ఎక్కబోయిన ఓ కుర్రాణ్ని పడవ నాయకుడు ట్రెవెల్యన్ రిచర్డ్స్ వెనక్కి పంపేశాడు. కారణం, అతడి తండ్రి అప్పటికే జట్టులో ఉన్నాడు. అలాంటి రాత్రి ఒక ఇంటినుంచి ఇద్దరు వద్దన్నది ఆయన మాట. నలుగురిని ఎక్కించుకున్నామని రేడియోలో చెప్పారు. ఆ తర్వాత చప్పుడు లేదు. రెండు పడవల్లోని పదహారు మందీ పోయారు. మర్నాటికే ఆ పల్లెలో కొత్త జట్టుకు సరిపడా మనుషులు ముందుకొచ్చారు. ఆ కుర్రాడు నీల్ బ్రాక్‌మన్ తర్వాత్తర్వాత అక్కడి లైఫ్‌బోట్‌కే నాయకుడయ్యాడు.

‘ఒక ఇంటినుంచి ఇద్దరు వద్దు’ అన్న మాట మన బీచ్‌ల దగ్గర మరీ గుర్తుకొస్తుంది. కార్తిక మాసంలో సూర్యలంక, మంగినపూడి తీరాలకు కుటుంబాలు కుటుంబాలే స్నానానికి వెళ్తాయి. తమ్ముడు కొట్టుకుపోతుంటే అన్న దూకేస్తాడు. వార్త చదివితే రెండు పేర్లుంటాయి.

ఇంతకీ లాక్కుపోయేదేమిటి? చాలాసార్లు రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు ఒక సన్నటి పాయగా కూడి వేగంగా వెనక్కి పోతుంది. విశాఖ ఆర్కే బీచ్, యారాడల్లో ఇవి మామూలే. ఆ పాయ ఉన్నచోట అలలు అంతగా విరగవు. అందుకే ‘ఇక్కడ నెమ్మదిగా ఉంది’ అనుకుని సరిగ్గా అక్కడే పిల్లల్ని దించుతారు! అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. దానికి ఎదురీదితే గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఈత రాకపోతే తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో మునిగేలా వెల్లకిలా పడుకుని, చేతులు నెమ్మదిగా ఆడిస్తూ తేలాలి. ఆర్ఎన్ఎల్ఐ బ్రిటన్ పిల్లలకు నేర్పేదీ ఇదే.

ఒడ్డున ఉన్నవాళ్లు దూకొద్దు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను, బంతి... తేలేది ఏదున్నా విసరండి. దగ్గర్లోని లైఫ్‌గార్డునో, మత్స్యకారులనో కేకేసి పిలవండి. ఒకరు ఆ మనిషి మీదినుంచి చూపు తిప్పకుండా చేత్తో చూపిస్తూ ఉండాలి, మరొకరు 112కు గానీ, కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు గానీ ఫోన్ చేయాలి.